.38 రివాల్వర్‌ని .357 మాగ్నంకి మార్పించడం: తెలివా, తెంపరితనమా?

కొత్తచెయ్యి:
మా మామగారి నుంచి నాకో పాత .38 స్పెషల్ రివాల్వర్ వచ్చింది. ఆరు తూటాల స్మిత్ అండ్ వెసన్, మీడియం ఫ్రేమ్. గుండు వ్యాసం .38కీ, అంతకన్నా ఘాటైన .357 మాగ్నంకీ ఒకటేనట, కేస్ (మందు పట్టే ఇత్తడి గొట్టం) పొడవులోనే తేడా అట. సిలిండర్‌లో తూటాలు దిగే చాంబర్లు ఆ కాస్త లోతు చేయిస్తే రెండూ వాడుకోవచ్చని ఒకాయన అన్నారు. చేయించమంటారా? లేకపోతే ఏకంగా .44 మాగ్నం కొనుక్కోవడం మేలా?

లేత్‌రాజు:
భయపెట్టేవాళ్ళు వచ్చేలోపు లెక్క చెప్తాను. .38 స్పెషల్ కేస్ పొడవు 1.155 అంగుళాలు, .357ది 1.290. తేడా 0.135. రిమ్ (కేస్ అడుగు అంచు) ఒకటే, కేస్ లావు ఒకటే, గుండు ఒకటే. 1930లో స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు పెద్ద ఫ్రేమ్ మీద .38/44 అని రివాల్వర్ తెచ్చారు, ఘాటైన .38 తూటాల కోసం. 1935లో వచ్చిన .357 ఆ దారిలో వచ్చిందే. కేస్ పొడిగించి, కొత్త పేరు పెట్టి, కొత్త గన్ అమ్ముకున్నారు. పని తెలిసినవాడు చేస్తే ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఉక్కుపరీక్ష:
పొడవు ఎందుకు పెంచారో కూడా చెప్పండి మరి. మాగ్నం తూటా పొరపాటున కూడా .38 చాంబర్‌లో దిగకూడదని. ఆ 0.135 అంగుళం తలుపుకి వేసిన తాళం. మీరు తాళం తీసేసి ఇల్లు అలాగే ఉందిగా అంటున్నారు. .38 స్పెషల్‌కి అనుమతించిన గరిష్ఠ పీడనం 17,000 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు), .357కి 35,000. రెట్టింపు పైమాటే. కొత్తచెయ్యి గారూ, చేయించకండి.

నలభైఒకటి:
.41 మాగ్నం తీసుకోండి. ఏ గొడవా ఉండదు.

లేత్‌రాజు:
నేను కొలతలు చెప్తే మీరు పీడనం అంటారు. .38/44 సిలిండర్ చేత్తో పట్టుకుని చూశారా ఎప్పుడైనా? గోడ ఎంత మందమో తెలుసా? ఇంకోటి. కన్వర్షన్ అంటేనే పాపం అయితే, రూగర్ కంపెనీ పాత .357 బ్లాక్‌హాక్ రివాల్వర్లని .44 స్పెషల్‌కి మార్చే పెద్ద పెద్ద గన్‌స్మిత్‌లంతా పాపులేనా? వాటి కోసం జనం క్యూ కడతారు.

ఉక్కుపరీక్ష:
మీ ఉదాహరణే మీకు ఎదురు తిరిగింది. .44 స్పెషల్ గరిష్ఠం 15,500. అంటే 35,000 మోసే గన్‌ని సగం కన్నా తక్కువ బరువుకి దించుతున్నారు. మీరు చెప్పేది కింద నుంచి పైకి. రెండూ కన్వర్షనే కదా అంటే ఎలా?

ఇక .38/44 సంగతి. ఆయన అడిగింది దాని గురించి కాదు, మీడియం ఫ్రేమ్ .38 గురించి. ఆరు తూటాల సిలిండర్‌ని ఒకసారి పక్కనుంచి చూడండి. సిలిండర్‌ని ఆపే గాడులు బయట చెక్కి ఉంటాయి, చాలా వాటిలో అవి దాదాపు చాంబర్ల మీదే పడతాయి. సిలిండర్ మొత్తంలో పలచన చోటు అదే. పైగా ఉక్కుకి ఏ హీట్ ట్రీట్‌మెంట్ ఇచ్చారో కంటికి కనపడదు, క్యాలిపర్‌కీ దొరకదు.

రేంజ్‌బాబు:
ఆయన .44 గురించి కూడా అడిగారు, ఎవరూ పట్టించుకోలేదు. .357లో 158 గ్రెయిన్ల బరువు గుండు సుమారు 1,235 అడుగుల వేగం, .44 మాగ్నంలో 240 గ్రెయిన్లు సుమారు 1,350 (సెకనుకి, బ్యారెల్ పొడవుని బట్టి కాస్త అటూ ఇటూ). కాగితం మీద చిన్న తేడాలా ఉంటుంది, మణికట్టుకి తెలుస్తుంది. మొదటి రివాల్వరే .44 కొని, ఒక పెట్టె కాల్చి, అమ్మేసినవాళ్ళని చాలామందిని చూశాను. కొంటే తక్కువ ఘాటున్న .44 స్పెషల్ తూటాలు వేసుకుని అలవాటు పడండి, అందులో నడుస్తుంది.

నలభైఒకటి:
.41లో 210 గ్రెయిన్లు. 1964 నుంచి ఉంది. మీరెవరూ కొనకపోబట్టే తూటాలు దొరకడం లేదు.

లేత్‌రాజు:
ఉక్కుపరీక్ష గారూ, థియరీ బాగుంది. నా దగ్గర నేనే మార్చిన రివాల్వర్ ఉంది. ఏళ్ళ తరబడి కాలుస్తున్నాను. పేలలేదు.

ఉక్కుపరీక్ష:
నిన్నటి దాకా పేలలేదు. పగులు ఒక్కరోజులో రాదు, ఒక్కో తూటాకీ కొంచెం కొంచెం పాకుతుంది.

ఉమ:
సాధారణంగా చదివి ఊరుకుంటాను, ఇది చూశాక రాయకుండా ఉండలేకపోయాను. నేనొక సెకండ్‌హ్యాండ్ రివాల్వర్ కొన్నాను. బ్యారెల్ మీద .38 స్పెషల్ అనే ఉంది. నేను .38 మాత్రమే వాడేదాన్ని. ఒకరోజు రేంజ్‌లో మా తమ్ముడు తన .357 తూటా అందులో వేస్తే చక్కగా దిగిపోయింది. దిగిందంటే సరిపోతుందనే కదా అనుకుంటాం. కాల్చాక కేసులు బయటికి రాలేదు, కేసుల్ని బయటికి నెట్టే ఎజెక్టర్ రాడ్‌ని తట్టి తీయాల్సి వచ్చింది. ఒక కేస్‌కి రిమ్ పైన చుట్టూ మెరుస్తున్న ఉబ్బు, దాని మీద గోరుతో రాస్తే తగిలే సన్నటి చీలిక. సిలిండర్ మీద గాడి దగ్గర కూడా వెంట్రుక లాంటి గీత. ఎవరో ఎప్పుడో చాంబర్లు తొలిపించారు, గన్ మీద ఎక్కడా రాయలేదు. అమ్మినాయన్ని అడిగితే "నా దగ్గర బాగానే ఉండేది" అన్నాడు.

లేత్‌రాజు:
బాధపడాల్సిందే, కానీ అది ఎవడో చెత్తగా చేసిన పని. కన్వర్షన్ తప్పు కాదు. అయినా బ్యారెల్ మీద .38 అని ఉంటే .357 వెయ్యడం ఎవరి తప్పండీ?

ఉమ:
మా తమ్ముడి చెయ్యి పోయి ఉంటే కూడా ఇలాగే అడిగేవారా? తూటా దిగకుండా చూసే ఏర్పాటుని తీసేసింది మీలాంటివాళ్ళు. ఇప్పుడు బ్యారెల్ మీద చదువుకోలేదేం అని నన్ను అడుగుతున్నారు.

లేత్‌రాజు:
"మీలాంటివాళ్ళు" అనకండి. నా డబ్బు, నా గన్, నా చెయ్యి. నా గన్‌తో నేనేం చేసుకోవాలో ఇంతమందిని అడగాలా?

పాతకాపు:
కాస్త శాంతించండి అందరూ. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కి పంపిన స్మిత్ అండ్ వెసన్ విక్టరీ రివాల్వర్లు .38/200 అనే బ్రిటిష్ తూటాకి చేసినవి. యుద్ధం అయ్యాక చాలా వాటిని .38 స్పెషల్ పట్టేలా తొలిచి అమ్మారు. పాత చాంబర్ కాస్త వెడల్పు కాబట్టి కేసుల అడుగుభాగం ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. అలాగే .455 వెబ్లీ రివాల్వర్ల సిలిండర్ వెనకభాగం కోసి .45 ఏసీపీ అనే పిస్టల్ తూటా వేసుకునేలా చేశారు. ఆ మామూలు .45 తూటా పీడనం వెబ్లీ తట్టుకోవాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. ఆ పని చేసినవాళ్ళు ఎప్పుడో పోయారు. గన్లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి, కొన్నవాళ్ళు ఇప్పటికీ వచ్చి కేసులెందుకు ఉబ్బుతున్నాయని అడుగుతున్నారు.

ఉక్కుపరీక్ష:
నేను పీడనం పట్టుకుని కూర్చున్నాను గానీ, అసలు గొడవ ఇదీ. లేత్‌రాజు గారూ, మీ పనితనం మీద నాకు అనుమానం లేదు. మీ తర్వాత ఆ రివాల్వర్ ఎవరి చేతికి వెళ్తుంది? వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

లేత్‌రాజు:
నేను అమ్మను.

ఉమ:
నాకు అమ్మినాయన కూడా ఎవరి దగ్గరో కొన్నాడు. ఆ మొదటాయన కూడా అమ్మననే అనుకుని ఉంటాడు.

లేత్‌రాజు:
సరే, సిలిండర్ మీద మార్క్ కొట్టిస్తాను. తొలిచినవాడు రాసి తీరాలి, ఆ మాట ఒప్పుకుంటాను. అంతమాత్రాన తొలచనే కూడదు అనే అధికారం మీకు లేదు.

ఉక్కుపరీక్ష:
మార్క్ కొడితే చదివేవాడికి తెలుస్తుంది. ఉక్కుకి బలం రాదు.

లేత్‌రాజు:
మళ్ళీ మొదలుపెట్టారా.

కొత్తచెయ్యి:
అయ్యా, అమ్మా, నేను తొలిపించడం లేదు. మామగారిది .38గానే ఉంటుంది. .357 కావాలంటే విడిగా కొంటాను. స్మిత్ అండ్ వెసన్ .357, మోడల్ 19 ఒకటి అమ్మకానికి ఉందని విన్నాను. తీసుకోవచ్చా?

రేంజ్‌బాబు:
తీసుకోవచ్చు, కానీ 125 గ్రెయిన్ల ఘాటు లోడ్లు అందులో రోజూ వాడకండి. బ్యారెల్ వెనక కొస అడుగున కొంత చదునుగా కోసి ఉంటుంది, అక్కడ పలచన, పగుళ్ళు వచ్చేది అక్కడే. కొనేముందు టార్చ్ వేసి చూసుకోండి. ఆ బాధ పడలేకే స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు ఇంకాస్త పెద్ద ఫ్రేమ్‌తో 586, 686 మోడళ్ళు తెచ్చారు. నన్నడిగితే 686.

లేత్‌రాజు:
చూశారా, ఫ్యాక్టరీవాళ్ళు చేసిన .357కి కూడా పగుళ్ళు వస్తాయట. అది మాత్రం ఎవరికీ తప్పు కాదు.

ఉక్కుపరీక్ష:
ఫ్యాక్టరీ చేసినదానికే వస్తుంటే .38ని తొలిచినదానికి రాదని మీరెలా అంటున్నారో చెప్పండి.

నలభైఒకటి:
మోడల్ 57, .41 మాగ్నందే. ఇంక నేనేం చెప్పను.