అంబాసిడర్‌లో ఇసుజు ఇంజిన్: పాత గేర్ బాక్స్ ఉంచాలా, ఐదు గేర్లది వెయ్యాలా?

పెరంబూరు మార్క్‌టూ:
మాది 1972 మార్క్ 2. అసలు 1489 సీసీ ఇంజిన్ బ్లాక్ చిట్లిపోతే రెండేళ్ల క్రితం కాంటెస్సా కారుకి వచ్చిన 1.8 ఇసుజు పెట్రోల్ ఇంజిన్ వేయించాం, ఆర్సీలోనూ ఎక్కించాం. గేర్ బాక్స్ మాత్రం పాత నాలుగు గేర్లదే. మెకానిక్ మధ్యలో అడాప్టర్ ప్లేట్ చేయించి కలిపాడు. 50 హార్స్ పవర్ చిల్లరకి పుట్టిన బాక్స్ అది. కాంటెస్సాలో ఈ ఇంజిన్ ఇచ్చేది 88.

పోయిన నెల ఏలగిరి నుంచి దిగుతున్నాం. సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ వదిలానో లేదో, టక్కుమని న్యూట్రల్‌కి వచ్చేసింది. బ్రేక్ మీద ఆపి మళ్లీ వేశాను. మిగిలిన మలుపులన్నీ రాడ్‌ని ఎడమ చేత్తో అదిమి పట్టుకునే దించాను. పక్కన అమ్మ, ఆ చివర నాన్న. కొండ దిగేదాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి గేర్ బాక్స్ ఆయిల్ దించితే పళ్లెంలో ఇత్తడి రజను మెరిసింది. అడుగున బియ్యపు గింజంత గేర్ పన్ను ముక్క.

పుదుపేట పాత సామాన్ల బజార్లో 1800 ఐఎస్‌జెడ్ (ఇసుజు ఇంజిన్‌తోనే వచ్చిన అంబాసిడర్) నుంచి తీసిన ఐదు గేర్ల బాక్స్ చూశాను. కానీ అది ఫ్లోర్ గేర్, మాది స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేర్. ముందు బెంచి సీటు మీద ముగ్గురం కూర్చుంటాం, మాకు ఈ కారంటే అదే. పాత బాక్స్‌కే బేరింగులు, సింక్రోలు (గేర్ మెత్తగా పడేలా చేసే ఇత్తడి రింగులు) మారిస్తే నిలబడుతుందా?

జేసీ రోడ్ శీను, బెంగళూరు:
ఐదు గేర్లదే తీసుకో బ్రదర్. ఆ ఇంజిన్‌కి జోడీగా వచ్చిన బాక్స్ అది. హైవేలో ఫిఫ్త్ వేస్తే ఇంజిన్ అరుపు కూడా తగ్గుతుంది.

అంబత్తూరు లేత్:
తమ్ముడూ, ముందు ఆ ప్లేట్ సంగతి చూడు. పవర్ ఎక్కువై పళ్లు విరగొచ్చు, నిజమే. కానీ ప్లేట్ సెంటర్ తప్పితే, ఇంజిన్ నుంచి బాక్స్‌లోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ రోజూ వంకరగా తిరుగుతుంది. బేరింగ్ అరుగుతుంది, గేర్ జారుతుంది. అలాంటి ప్లేట్‌కి కొత్త బాక్స్ తగిలించినా గతి అదే. క్రాంక్‌కి డయల్ గేజ్ కట్టి, చేత్తో తిప్పుతూ బెల్ హౌసింగ్ (బాక్స్‌ని ఇంజిన్‌కి కలిపే గంట లాంటి తొడుగు) రంధ్రం సెంటర్‌లో ఉందో లేదో కొలిపించు. క్రాంక్ చివర ఇన్‌పుట్ షాఫ్ట్ కొనని పట్టి ఉంచే స్పిగాట్ బుష్ కూడా చూడు. ఐఎస్‌జెడ్ బాక్స్ దాని బెల్ హౌసింగ్‌తో సహా దొరికితే ప్లేటే అక్కర్లేదు. నా ఓటు దానికే.

కొనేటప్పుడు ఒట్టి బాక్స్ తేవద్దు. క్లచ్ ఫోర్క్, క్రాస్ మెంబర్, ప్రాపెల్లర్ షాఫ్ట్ (బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే గొట్టం) ముందు యోక్, స్పీడోమీటర్ కేబుల్, అన్నీ ఆ బండివే అడుగు. ఒక్కో గేర్ వేసి చేత్తో తిప్పు. ఇన్‌పుట్ షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపు, లొడలొడలాడితే వదిలెయ్. ప్రాపెల్లర్ షాఫ్ట్ పొడవు బండి చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే కొలవాలి. జాకీ మీద కొలిస్తే వెనక యాక్సిల్ వేలాడి కొలత తప్పుతుంది. కోసి వెల్డ్ చేశాక బ్యాలెన్సింగ్ చేయించకుండా బిగించకు.

నెల్లూరు పద్మజ:
మా నాన్నగారి బండిలో బెంచి సీటు ఉంచే ఫ్లోర్ గేర్ పెట్టించాం అండీ. రాడ్‌ని వేడి చేసి ముందుకి వంచారు. మధ్యలో కూర్చున్నవాళ్లు కాళ్లు కాస్త పక్కకి పెట్టుకోవాలి, అంతే. సెకండ్, ఫోర్త్ వేసినప్పుడు రాడ్ సీటుకి తగలకుండా చూసుకోండి. పాత బాక్స్ మాత్రం అమ్మకండి.

పెరంబూరు మార్క్‌టూ:
లేత్ అన్నా, మీరన్నట్టే కొలిపించాను. ప్లేట్ సెంటర్ తప్పే ఉంది. ఐఎస్‌జెడ్ బాక్స్ బెల్ హౌసింగ్‌తో సహా బేరం కుదిరింది, గురువారం తెస్తున్నాను. పద్మజ గారూ, మీ మాట నాన్నకి చదివి వినిపించాను. పొద్దున చూస్తే టేప్ పట్టుకుని బెంచి సీటు ముందు వంగి కొలుస్తున్నారు. పాత హ్యాండ్ గేర్ రాడ్‌ని గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టారు.