లాంగ్ రన్ తర్వాత ప్రొటీన్: ఆడవాళ్లకి లెక్క వేరుగా ఉంటుందా?

నేనూ మా ఆవిడా ప్రతి ఆదివారం బొబ్బర్లంక–రావులపాలెం దారిలో కాలవ గట్టు మీద 22 కి.మీ. పరిగెడతాం. 4:45కి మొదలుపెట్టి 7:15 లోపు ముగిస్తాం. నా బరువు 68 కిలోలు, తనది 52.

పరుగయ్యాక అరగంటలో నేను 3 ఉడకబెట్టిన గుడ్లు, గ్లాసు పాలు; తను 2 గుడ్లు, గ్లాసు పాలు. కిలోకి సుమారు 0.35 గ్రాముల ప్రొటీన్ చొప్పున ఇద్దరికీ ఒకటే లెక్క. వీటితోపాటు అరటిపళ్లు, ఇడ్లీ ఎలాగూ ఉంటాయి.

నాకు సోమవారం మధ్యాహ్నానికి కాళ్లు తేలికపడతాయి. తనకి మాత్రం తొడల నొప్పి మంగళవారం రాత్రి దాకా వదలదు. నెలసరికి ముందు వారంలో అయితే బుధవారం కూడా మెట్లు దిగలేకపోతోంది. మూడు నెలలుగా రాసి పెట్టుకుంటున్నాం, ప్రతిసారీ ఇంతే.

వేగం తగ్గించి చూశాం. నాలుగు వారాలు ఇంకో గుడ్డు, ఒక పెసరట్టు కలిపి దాదాపు 30 గ్రాములు చేశాం. మామూలు వారాల్లో కొంచెం నయం, ఆ వారంలో మార్పు లేదు. వే పౌడర్‌తో (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) కడుపుబ్బరం వచ్చి మానేసింది. హిమోగ్లోబిన్ 12.4, థైరాయిడ్ మామూలుగానే ఉంది. నిద్ర 7 గంటలు. రోజు మొత్తం ప్రొటీన్ 75 గ్రాములు, మధ్యాహ్నం చేపలతో కలిపి.

నెలసరి ముందు రోజుల్లో శరీరంలో ప్రొటీన్ ఎక్కువ ఖర్చవుతుందని చదివాను. ఆ వారంలో 52 కిలోల ఆడమనిషి లాంగ్ రన్ అయ్యాక ఎన్ని గ్రాములు తీసుకుంటే మీకు పనిచేసింది?