ఓ104:హెచ్4 ఈ-కోలైని ఏ వర్గంలో చేర్చాలి?

ఎమ్మెస్సీ విద్యార్థి:
పేగుల్లో జబ్బు కలిగించే ఈ-కోలై బాక్టీరియాను ఎంటరోటాక్సిజెనిక్ (పేగుల్లో విషాన్ని విడుదల చేసేది), ఎంటరోహెమరేజిక్ (రక్తవిరేచనాలు కలిగించేది), ఎంటరోఅగ్రిగేటివ్ (పేగు గోడకు గుంపులుగా అంటుకునేది) వంటి వర్గాలుగా విభజిస్తారని చదివాను. 2011లో జర్మనీలో ప్రబలిన ఓ104:హెచ్4ను ఒకచోట ఎంటరోహెమరేజిక్ అని, మరొకచోట ఎంటరోఅగ్రిగేటివ్ అని రాశారు. వీటిలో ఏది సరైనది? సీరోటైపు, అంటే ఓ104:హెచ్4 వంటి గుర్తింపు, తెలిస్తే వర్గం తెలిసినట్టు కాదా?

అధ్యాపకుడు:
కాదండీ. సీరోటైపు తెలిపేది కణం ఉపరితలాన్ని గురించి మాత్రమే: ఓ అంటే బయటి పొరలోని లిపోపాలీశాకరైడ్, హెచ్ అంటే కశాభంలోని ప్రోటీన్. జబ్బు కలిగించే జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్లలోనో (క్రోమోజోముకు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాలు), ఫేజ్‌లు (బాక్టీరియాపై దాడిచేసే వైరస్‌లు) తెచ్చిపెట్టిన భాగాల్లోనో ఉంటాయి కనుక, ఒకే సీరోటైపులో అవి ఉన్న కణాలూ లేని కణాలూ కనిపించవచ్చు. జర్మనీ స్ట్రెయిన్ మూలతః ఎంటరోఅగ్రిగేటివ్ రకం. దానిలోకి షిగా టాక్సిన్-2 అనే విషపదార్థపు జన్యువును మోసే ఫేజ్ చేరింది. ఎంటరోహెమరేజిక్ రకాల్లో సాధారణంగా ఉండే, పేగు గోడకు అంటుకోవడానికి తోడ్పడే ఇంటిమిన్ ప్రోటీను జన్యువు, అంటే ఈఏఈ, దానిలో లేదు. సుమారు 3,800 మంది జబ్బుపడగా వారిలో 800 మందికి పైగా మూత్రపిండాలను దెబ్బతీసే హీమోలిటిక్ యురేమిక్ సిండ్రోమ్ రావడంతో, లక్షణాలను బట్టి దానిని ఎంటరోహెమరేజిక్ అన్నారు. షిగా టాక్సిన్‌ను ఉత్పత్తి చేసే ఎంటరోఅగ్రిగేటివ్ ఈ-కోలై అనడమే సబబని నా అభిప్రాయం.

ల్యాబ్ టెక్నీషియన్:
ఎంటరోహెమరేజిక్ రకాల్లో బాగా తెలిసిన ఓ157:హెచ్7, చక్కెర లాంటి సార్బిటాల్‌ను 24 గంటల్లో పులియబెట్టదు కాబట్టి బాక్టీరియాను పెంచే సార్బిటాల్ మకాంకీ అగార్‌ ప్లేటుపై రంగులేని కాలనీలుగా తేలిగ్గా పట్టుబడుతుంది. ఓ104:హెచ్4 మాత్రం పులియబెడుతుంది. అందువల్ల ఆ ప్లేటు మీద అది మామూలు ఈ-కోలైలాగే గులాబీ రంగులో పెరిగి మన దృష్టిని తప్పించుకుంటుంది. ఆ స్ట్రెయిన్ అనేక యాంటీబయాటిక్‌లను పనిచేయనివ్వని ఈఎస్‌బీఎల్ ఎంజైమును ఉత్పత్తి చేయడం ఒక విధంగా కలిసివచ్చింది, ఎందుకంటే అలాంటి బాక్టీరియానే పెరగనిచ్చే ఈఎస్‌బీఎల్ మీడియాపై దానిని వేరుచేయడం వీలైంది. జన్యువులను గుర్తించే పీసీఆర్ పరీక్షలో ఎస్‌టీఎక్స్1, ఎస్‌టీఎక్స్2 (షిగా టాక్సిన్ జన్యువులు), ఈఏఈలతో సరిపెట్టకుండా ఎంటరోఅగ్రిగేటివ్ రకాన్ని సూచించే ఏజీజీఆర్‌ జన్యువును కూడా చూడాలి.

ఎమ్మెస్సీ విద్యార్థి:
అలాగైతే సీరోటైపింగ్ ఇంకా ఎందుకండీ?

అధ్యాపకుడు:
వ్యాప్తి మూలాన్ని వెదకడానికి. జర్మనీలో మొదట దోసకాయలను అనుమానించారు, ఆ అనుమానం నిలవలేదు. అదే ఏడాది జూన్‌లో ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గర కూడా ఇదే సీరోటైపు కనబడటంతో రెండు చోట్లా తిన్న ఆహారాన్ని పోల్చి చూశారు. దర్యాప్తు ఈజిప్టు నుంచి దిగుమతైన మెంతి గింజలతో పెంచిన మొలకల వైపు దారితీసింది. మన వంటింట్లో మెంతులను సాధారణంగా వేయించో ఉడికించో వాడతాం. అక్కడ వాటి మొలకలను పచ్చిగా తిన్నారు. కాబట్టి మీ నివేదికలో సీరోటైపునూ జన్యువుల ఫలితాలనూ పక్కపక్కనే రాయండి: "ఓ104:హెచ్4, ఎస్‌టీఎక్స్2 పాజిటివ్, ఏజీజీఆర్ పాజిటివ్, ఈఏఈ నెగటివ్."