సమస్య: కథను జంపినపుడె కథ నిలుచును

నిర్వాహకులు (విజయనగరం):
ఈ వారం పాదం ఇది, దీన్ని చివర పెట్టి ముందు మూడు పాదాలు మీరు రాయాలి:

«కథను జంపినపుడె కథ నిలుచును»

చిన్న కథకు సారాంశం రాయడం మీదే పూరించాలి, పక్కకు పోవద్దు. నమూనా కావాలంటే మన గురజాడ ‘దిద్దుబాటు’ తీసుకోండి. 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది, ఒక్క గుక్కలో చదివేయొచ్చు.

నాగావళి గట్టు:
చిలువ పలువ మాట చేర్చక సారాంశ
మొక్క ముక్కలోన నిక్కముగను
చెప్పఁదలచువాఁడు చెచ్చెర నా యుప
కథను జంపినపుడె కథ నిలుచును.

పాలకొండ మాస్టారు:
మూడో పాదం చివర ‘యుప’ పెట్టి సమస్యను విరిచిన తీరు చాలా బాగుంది, నానా. రెండో పాదంలో ‘మొక్క’, ‘నిక్క’ అని రెండో అక్షరం కలిసి ప్రాసయతీ కుదిరింది. అయితే భావం దగ్గర ఒక మాట. చిన్న కథలో ఉపకథ ఎక్కడుంటుంది? అది నవలకు చెందిన పూరణ. చిన్న కథలో కోయవలసినవి సంభాషణ, వర్ణన, ఒకే సంగతిని రెండుసార్లు చూపించే సన్నివేశం. ఏది కోయాలో తెలియకపోతే ఆ ముక్క తీసేసి ముగింపు చదవాలి. ముగింపు అర్థమైతే ఆ ముక్క అక్కర్లేదు, అర్థం కాకపోతే దాన్ని తిరిగి పెట్టాలి.

నాగావళి గట్టు:
ఒప్పుకోను మాస్టారూ. పాత్ర మనసులో మెదిలే పాత సంగతి కూడా ఉపకథే. పిల్లలు మొదట చిక్కుకునేది అక్కడే. నాలుగు వాక్యాల సారాంశంలో రెండు వాక్యాలు దానికే పోతాయి, అసలు మార్పుకు చోటు మిగలదు.

బొబ్బిలి వీణ:
తలుపు తీసి లోనఁ దరుణిని గానక
చీటి చదివి వగచెఁ, దుదకు నగవు;
లేని నీతి తెచ్చి లేఖించు నా కట్టు
కథను జంపినపుడె కథ నిలుచును.

పాలకొండ మాస్టారు:
అమ్మా, రెండో పాదంలో ‘చీ’కి ‘దు’ ఎలా కుదురుతుంది? పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాలి కదా, ఆ యతి పోయింది.

బొబ్బిలి వీణ:
‘జివర నగవు’ అని దిద్దుకోండి మాస్టారూ. «చీటి చదివి వగచెఁ, జివర నగవు». గణం (అక్షరాల లయ) మారదు, యతి నిలుస్తుంది.

నిర్వాహకులు:
దిద్దాను. ‘కట్టు’ మాత్రం మెచ్చుకోవలసిన మాట, రెండు వైపులా తగులుతోంది. ‘దిద్దుబాటు’లో సభలకు వెళ్తున్నానని గోపాలరావు భార్యతో చెప్పింది కట్టుకథ. కథలో లేని నీతిని సారాంశం చివర అతికించేదీ కట్టుకథే. ‘ఈ కథ వల్ల మనకు తెలిసే నీతి ఏమనగా’ అని మొదలయ్యే వాక్యం సారాంశంలో ఉండకూడదు. అది వ్యాఖ్య, వేరే పేరాలో రాయాలి.

పాలకొండ మాస్టారు:
నా పూరణ:

మరలఁ జదివి పిదప మనసులో నిలిచిన
దానిఁ బట్టి వ్రాయఁ దగును సుమ్ము;
పొత్తమెదుటఁ బెట్టి పూర్తిగా దింపు నా
కథను జంపినపుడె కథ నిలుచును.

నాగావళి గట్టు:
పద్యం శుద్ధంగా ఉంది, మాస్టారూ. కానీ మలుపేదీ? పాఠం చెప్పి చివర సమస్య తగిలించారు. కిందటి వారం మీ తేటగీతి పద్యంలోనూ ఇంతే, పైగా నాలుగో గణం చిన్నదైన సూర్యగణం కావలసిన చోట ‘కావ్యము’ వేశారు. అక్కడ ‘కావ్య’ అని ఉండాలి. అప్పుడెవరూ అడగలేదు, నేనిప్పుడు అడుగుతున్నాను.

పాలకొండ మాస్టారు:
ఆ గణం తప్పే, ‘కావ్య’ అని చదువుకోండి. ఈ పద్యంలో పాఠమే ఉంది, అవును. ఆ పాఠం మాత్రం వదలను. పుస్తకం తెరిచి ఉంటే చెయ్యి రచయిత వాక్యాల వెంటే పోతుంది. ‘తరువాత, తరువాత’ అని పేర్చుకుంటూ పోతారు, సగం కథకే కాగితం నిండుతుంది. రెండుసార్లు చదివి, పుస్తకం మూసి, నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఎవరు? ఏం చేస్తున్నారు? ఏది అడ్డొచ్చింది? చివరికి ఏం మారింది? అప్పుడు పుస్తకం తెరిచి పేర్లు, వరస సరిచూసుకోవాలి. సంక్షేపం అడిగితే మూలంలో మూడో వంతు రావాలి, సారాంశం అంతకంటే చాలా చిన్నది. ఆ తేడా చూడకుండా రాస్తే మార్కులు పోతాయి.

బొబ్బిలి వీణ:
మాస్టారి పద్ధతిలోనే ‘దిద్దుబాటు’ రాశాను, చూడండి:

“గురజాడ ‘దిద్దుబాటు’లో సభల పేరు చెప్పి రాత్రులు సాని ఆటపాటలకు పోయే గోపాలరావు, పుట్టింటికి పోతున్నానని భార్య కమలిని రాసిన ఉత్తరం చదివి పశ్చాత్తాపపడతాడు. నిజానికి ఆమె ఇల్లు దాటలేదు. మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది.”

కథ ‘తలుపు! తలుపు!’ అని రాత్రి నడిమిలో మొదలవుతుంది. సారాంశం అక్కడ మొదలుపెడితే చదివేవాడికి ఎవరు ఎందుకు పిలుస్తున్నారో తెలియదు. అందుకే అబద్ధాన్ని ముందుకు తెచ్చాను.

నాగావళి గట్టు:
ముగింపు చెప్పేశారేటి అమ్మా? చదవబోయేవాడికి ఇంకేం మిగిలింది?

బొబ్బిలి వీణ:
ముగింపు దాచేది పుస్తకం అట్ట మీద రాసే పరిచయం, బాబూ. సారాంశంలో దాస్తే అది సగం సారాంశమే. ఆ నవ్వు లేకపోతే గోపాలరావుకు జరిగింది శిక్షో దిద్దుబాటో తేలదు.

నాగావళి గట్టు:
అది సరే. మరి కథలోని నౌకరు రాముడేడీ?

పాలకొండ మాస్టారు:
మంచి ప్రశ్న. ముప్పై మాటల్లో రాముడికి చోటు లేదు. నూరు మాటలైతే ఒక ఉపవాక్యం తప్పనిసరి, ఎందుకంటే గోపాలరావు పశ్చాత్తాపం బయటపడేది ఆ నౌకరుతో మాట్లాడేటప్పుడే. మంచం కింద కమలిని వింటున్నదీ ఆ మాటలే. ‘నౌకరు రాముడితో తన తప్పు చెప్పుకుంటాడు’ అంటే చాలు.