కూర్చోబెడితే బీపీ పడిపోతోంది, వెన్నుపాము దెబ్బ తగిలినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?

మా తమ్ముడు కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడి 4 నెలలైంది, వెన్నుపాము టీ4 (ఛాతీ వెనక, వీపు పైభాగం) దగ్గర దెబ్బతింది. మాది అమలాపురం పక్క పల్లె. పడుకున్నప్పుడు బీపీ 110/70 ఉంటుంది, వీల్‌చైర్‌లో కూర్చోబెట్టిన 5 నిమిషాలకే 80/50కి పడిపోయి కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయంటాడు, సాయంత్రానికి పాదాలు బూరెల్లా ఉబ్బుతాయి (రెండూ ఒకేలా, రక్తనాళాల డాప్లర్ స్కాన్ తీయించాం, గడ్డలేవీ లేవన్నారు). దెబ్బకి కింద ఉన్న రక్తనాళాలకు బిగుసుకోమనే సంకేతం నరాల నుంచి అందట్లేదు, అందుకే రక్తం కాళ్ళలోనే నిలిచిపోతోందని డాక్టరు గారు చెప్పారు. సరే, అర్థమైంది, కానీ చేసేదేంటి?

తొడల దాకా టైట్ సాక్సులు, పొట్టకు బెల్టు, ఉప్పేసిన మజ్జిగ, తలవైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు, అన్నీ అయ్యాయి. బీపీ పెంచే మాత్ర మిడోడ్రిన్ 5 మి.గ్రా. ఉదయం 8కి, మధ్యాహ్నం 1కి, 3 వారాలుగా. పొద్దున పూట కొంచెం నయం, 20 నిమిషాలు కూర్చుంటున్నాడు. అన్నం తిన్నాక మాత్రం మళ్ళీ మొదటికే, దానికి తోడు మా కోనసీమ ఉక్కపోత ఒకటి. డాక్టరు గారిని మళ్ళీ కలవడానికి ఇంకా 10 రోజులుంది.

వెన్నుపాములో టీ6కి (వీపు మధ్యభాగానికి) పైన దెబ్బ తగిలినా ఇప్పుడు గంటల తరబడి కూర్చోగలుగుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మధ్యాహ్నం భోజనం తర్వాత బీపీ పడిపోకుండా మీకు ఏది పనిచేసింది?