పిల్లి ఉన్న ఇంట్లో ఏ మొక్కలు పెంచవచ్చు?

మా పిల్లికి ఎనిమిది నెలలు. మొన్న మనీప్లాంట్ ఆకు కొరికి, చొంగ కారుస్తూ ముందుకాలితో మూతి రుద్దుకుంటుంటే నా ప్రాణం పోయినంత పనైంది. ఆ ఆకుల్లో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయని, అవే నోట్లో గుచ్చుకుంటాయని పశువైద్యుడు చెప్పారు. మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, కలబంద ఆ రోజే పక్కింటివారికి ఇచ్చేశాను. లిల్లీల జోలికి అసలు పోను. ఒంటికంటిన పుప్పొడి నాకినా పిల్లుల మూత్రపిండాలు దెబ్బతింటాయి. వాము ఆకు కూడా వాటికి పడదట, మనం బజ్జీలు వేసుకునే ఆకే!

అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ హాని చేయవని తెలుసు. కానీ మా హాల్లోకి ఎండ రాదు. అంత తక్కువ వెలుతురులో బతికేవి, పిల్లి కొరికినా ప్రమాదం లేనివి మీ ఇళ్లలో ఏమున్నాయి? కుండీలో మట్టి తవ్వకుండా ఏం చేస్తున్నారు? పెంచినవారు దయచేసి చెప్పండి.