సమస్య: "క్షమను కోరిన భర్తకు శాంతి కరువు" – పూరణలు, దిద్దుబాట్లు

నిర్వహణ: ఈ వారం సమస్య తేటగీతి పద్యం నాలుగో పాదం. పైన మూడు పాదాలు మీరు రాసి పద్యం నింపడమే పూరణ. కింద పేర్లన్నీ కలంపేర్లే.

క్షమను కోరిన భర్తకు శాంతి కరువు

గణాలు (ఎక్కువ సేపు పలికే గురువులు, తక్కువ సేపు పలికే లఘువుల గుంపులు) విడదీస్తే: క్షమను (న) – కోరిన (భ) – భర్తకు (భ) – శాంతి (హ) – కరువు (న). ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన, నాలుగో గణం మొదటి అక్షరానికి, ఇక్కడ క్ష–శా. సంయుక్తాక్షరం కాబట్టి క్షకు కకారంతోనైనా, షకారంతోనైనా యతి చెల్లుతుంది. ఇక్కడ ష–శ మైత్రి. మీ మూడు పాదాల్లో ప్రాసయతి (ఆ చోట్ల మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) వాడుకోవచ్చు. సమస్యాపాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు, "క్షమనె" అని ఎకారం చేర్చినా లెక్కకు రాదు. ఓపిక ఉన్నవారు పైన నాలుగు సీసపాదాలు రాసి దీన్ని ఎత్తుగీతి (సీసం కింద వచ్చే గీతి) చివర పెట్టుకోవచ్చు.

మెలిక ఎక్కడుందో చూసుకుని మొదలుపెట్టండి. క్షమ కోరినవాడికి శాంతి దొరకాలి కదా, కరువెందుకైంది? ఆ "ఎందుకు"కు మూడు పాదాల్లో జవాబు రావాలి. భార్య గయ్యాళి అంటే అది జవాబు కాదు, తప్పించుకోవడం. తడి తువ్వాలు, మూతలేని పేస్టు, ఆలస్యంగా వచ్చే సారీ, ఇలా ఇంట్లో వస్తువులతో చెప్పినవారికి మార్కులెక్కువ.

కాకినాడ కాజా:

తడిసినట్టి తువ్వాలునుఁ దల్పమందు
వేసి పోయెను, వారమ్ము వేచి వేచి
మొక్కుబడిగ 'సారీ' యని మూల్గె నంతె;
క్షమను కోరిన భర్తకు శాంతి కరువు.

ఓరుగల్లు: గణాలు సరిపోయాయి. యతులు త–ద, వే–వే, మొ–మూ, అన్నీ చెల్లాయి. మూడో పాదంలో "బడిగసా" నగము, "రీయని" భగణము. సారీని అలా మధ్యకు విరిచి రెండు గణాల్లోకి సర్దడం నచ్చింది. నా అభ్యంతరం అన్వయం మీద. "వేచి వేచి" అన్నది ఎవరు? క్త్వార్థకానికీ ("వేచి" లాంటి ముగియని క్రియకూ) సమాపక క్రియకూ కర్త ఒకడే ఉండాలి. మూల్గినవాడు భర్త గనక వేచినవాడూ అతడే కావాలి. కానీ చదవగానే వారం రోజులు ఎదురుచూసింది భార్య అనిపిస్తోంది.

కాకినాడ కాజా: వేచింది భర్తేనండి. ఆవిడ మరిచిపోతుందేమోనని వారం ఆగాడు. మరవలేదని తేలాక మూలిగాడు.

ఓరుగల్లు: అదైతే పద్యం ఇంకా పదునుగా ఉంది! కానీ కర్త ఎక్కడా లేడే. "మూల్గె నంతె" తీసి "మూల్గె నతఁడు" పెట్టండి. "నతఁడు" నగణమే, గణం చెడదు, వేచిందెవరో తేలిపోతుంది. "అంతె" అనే వాడుకరూపం బెడదా పోతుంది. సారీ మాత్రం ఉండనివ్వండి. పాత్ర నోటిమాటను ఉన్నదున్నట్టు ఎత్తి చెప్పడం అనుకరణం, అన్యదేశ్యమని తీసేయక్కర్లేదు. అక్కడ "మన్నింపు" అని పెడితే ఆ మొక్కుబడి వినపడదు.

కొత్తకలం: మొదటి ప్రయత్నం, దిద్దండి.

మూత పెట్టఁడు పేస్టుకు ప్రతిదినమ్ము
నీరు లేనట్టి సీసాను నిలుపు నెపుడు
తప్పు నాదేలె యనెను తలను వంచి
క్షమను కోరిన భర్తకు శాంతి కరువు

తేటగీతి తాత: వస్తువులు బాగా ఏరుకున్నావు నాయనా. ఒక్కో పాదం చూద్దాం.

మొదటి పాదంలో మూ–ప్ర యతి చెల్లదు. "మూత–ప్రతి, రెంటికీ రెండో అక్షరం తకారమేగా, ప్రాసయతి కాదా?" అని నువ్వు అనుకుని ఉంటావు. ప్రాసయతికి రెండో హల్లు కలిస్తే చాలదు, దాని ముందక్షరం గురువుకు గురువు, లఘువుకు లఘువు ఉండాలి. మూ గురువు, ప్ర లఘువు. కొత్తగా రాసేవాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే. "మూత పెట్టఁడు పేస్టుకుఁ జేతఁగాక" అని మార్చు. మూత–చేత, రెండూ గురువులే, ప్రాసయతి కుదిరింది. పేస్టు మూత పెట్టడం చేతకానివాడు అన్న చురకా అదనంగా దొరికింది.

రెండో పాదంలో గణయతులు సరే. కానీ సీసాను ఎక్కడ నిలిపాడు? అరుగు మీద నిలిపితే నేరమేముంది? ఖాళీ సీసా ఫ్రిజ్జులో పెడితేనే గొడవ. ఎండలో వచ్చి తలుపు తీసినవాళ్ళకు చల్లటి నీళ్ళు దొరకవు, సీసా మాత్రం నిండుగా ఉన్నట్టు వరుసలో నిలబడి ఉంటుంది. చోటు చెప్పకపోతే తప్పు కనపడదు. ఇలా చేయొచ్చు:

ఫ్రిజ్జు లోపల సీసాలు రిత్తవుంచు

రిత్తవి + ఉంచు, రిత్తవుంచు. యతి ఫ్రి–రి, అదీ సంయుక్తాక్షర యతే. సమస్యలో క్షకు చెప్పిన సూత్రమే ఇక్కడ రేఫకు పనికొచ్చింది.

మూడో పాదంలో గణభంగం. తప్పు (హ) – నాదేలె (త) – యనెను... ఇది నగణం, సూర్యగణం. మూడో చోట ఇంద్రగణం రావాలి. "యనె నంత" అంటే సలము, సరిపోతుంది.

ఉప్పుమిరపకాయ: తాతగారూ, ఆ పాదంలో గణం కన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. తల వంచి తప్పు నాదే అన్నవాడికి శాంతి కరువెందుకవుతుంది? సమస్య తేలలేదు. కానీ కొత్తకలం గారు తెలిసి రాశారో తెలియక రాశారో, "నాదేలె" అన్నారు. ఆ "లె" ఒక్కటి చాలు ఇల్లు అంటుకోవడానికి. "తప్పు నాదే" అంటే ఒప్పుకోలు, "తప్పు నాదేలే" అంటే ఇక ఆపమని కసరడం. ఆ "లె" అన్నవాడు తల వంచడు. నేనైతే "తలను వంచి" తీసి "తలుపు మూసి" అంటాను. తలుపు నగణం, మూసి హగణం, త–త యతి.

మూత పెట్టఁడు పేస్టుకుఁ జేతఁగాక;
ఫ్రిజ్జు లోపల సీసాలు రిత్తవుంచు;
తప్పు నాదేలె యనె నంత తలుపు మూసి;
క్షమను కోరిన భర్తకు శాంతి కరువు.

తేటగీతి తాత: భేష్. తలుపుతో కరువు కళ్ళకు కట్టింది.

కొత్తకలం: ధన్యవాదాలు. ఒక సందేహం. మూడో పాదం చివరి "సి" తర్వాత క్ష వచ్చింది. సంయుక్తం ముందున్న లఘువు గురువవుతుంది కదా, "మూసి" రెండు గురువులై పోదా?

తేటగీతి తాత: పోదు. తెలుగులో వేరే పదం మొదట సంయుక్తం ఉంటే ముందు పదం చివరి లఘువు లఘువుగానే ఉంటుంది. సంస్కృత సమాసమైతేనే ఊనిక పడుతుంది. "ఆత్మక్షమ"లో "త్మ" గురువు, "మూసి క్షమ"లో "సి" లఘువు.

గోదారిగట్టు: మీరంతా తువ్వాలు దగ్గరే ఉండిపోయారు. శ్లేషతో ఒకటి.

ఇంటి నగలెల్లఁ దాకట్టు నిడుచు నెపుడు
ప్లాట్లు కొని కొని యప్పుల పాలు గాఁగ
నాలి మాటల ములుకుల కదర వలసె;
క్షమను కోరిన భర్తకు శాంతి కరువు.

క్షమ అంటే భూమి. అమరకోశం నానార్థవర్గంలో ఈ మాటకు నేల, ఓర్పు అని రెండర్థాలూ ఉన్నాయి.

ఓరుగల్లు: విరోధం మొత్తం ఒక్క మాటతో కరిగిపోయింది. "గాఁగన్ + ఆలి" ద్రుతసంధి చేసి, అంటే చివరి నకారాన్ని అచ్చుతో కలిపి, "నాలి" అని మొదలుపెట్టడం, దానికి "కదర"తో అచ్చు యతి వేయడం చేయి తిరిగిన పని. ఒక్క లోటు. పద్యం వరకే చదివినవాడికి క్షమ అంటే భూమి అన్న ఊహ రాదు, కింద వ్యాఖ్య కావాలి. ప్లాట్లు అన్న మాట సూచనగా ఉంది కానీ సరిపోలేదు. "నేల" అన్నది ఏదో పాదంలో పడితే తాళంచెవి పద్యంలోనే దొరికేది.

మూడోపాదం:

పెండ్లి యాడెను శాంతిని, పిదప నొకఁడు
క్షమ యను మగువ వెంటను సాగి పోయె;
తెలిసి పుట్టింటి కేగెను దేవి యపుడె;
క్షమను కోరిన భర్తకు శాంతి కరువు.

ఉప్పుమిరపకాయ: నవ్వొచ్చింది. రెండు మాటలనూ ఆడవాళ్ళ పేర్లు చేసేశారు. అవధానాల్లో సమయం మించిపోతున్నప్పుడు పనికొచ్చే పాత ఎత్తు ఇది. అయితే రెండో పాదంలోనే "క్షమ యను మగువ" అని గుట్టు విప్పేశారు, నాలుగో పాదానికి విస్మయం మిగల్లేదు. శాంతి పేరు మాత్రం ముందు చెప్పి, క్షమను "కొత్త మగువ" అని దాచి ఉంటే సమస్యాపాదంలో పేలేది. ఇక ఇది అలవాట్ల తగవు కాదు లెండి, విడాకుల కేసు.

ఓరుగల్లు: పురాణం వైపు ఎవరూ వెళ్ళలేదు కనుక నాదొకటి.

పారిజాతమ్ము రుక్మిణి పాలు సేసి
సత్య యలుకకు శిరసొగ్గె శౌరి తాను;
'పూవు కా దిఁక, చెట్టునే పొంద వలయు';
క్షమను కోరిన భర్తకు శాంతి కరువు.

తేటగీతి తాత: నారదుడిచ్చిన ఒక్క పూవు ఆలోచించకుండా పక్కనున్న రుక్మిణికి ఇచ్చేశాడు. పరాకు అలవాటుకు ఇంతకన్నా పాత సాక్ష్యం అక్కర్లేదు. నంది తిమ్మన ప్రబంధానికి బీజం ఈ పరాకే. చెట్టు తేవాలంటే ఇంద్రుడితో యుద్ధం, అందుకే శాంతి కరువు. "శాంతి"ని యుద్ధానికి ఎదురుమాటగా వాడడం ఈ పూరణ ఒక్కటే చేసింది. స–శౌ యతి ఉంది, అ–ఔ మైత్రి కాబట్టి దోషం లేదు. మూడో పాదం ఎవరి మాటో చెప్పే "అనె" లేదు, అయినా కథ తెలిసిన తెలుగువాళ్ళకు అడ్డం రాదు.

ఉప్పుమిరపకాయ: ఎప్పుడూ మొగుడి అలవాట్లేనా? రెండోవైపు నుంచి.

ఏమి యైనదో యడిగిన 'నేమి లేదు'
అనుచు గిన్నెల చప్పుళ్ళ నలుకఁ దెల్పు;
తెలియకయె తాను 'తప్పాయె దేవి' యనుచు
క్షమను కోరిన భర్తకు శాంతి కరువు.

ఓరుగల్లు: ఇంతవరకు వచ్చినవాటిలో ఇంటి చప్పుడు వినిపించిన పద్యం ఇదే. కానీ "లేదు / అనుచు" విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేశారు. ఉత్తుకు (హ్రస్వ ఉకారానికి) అచ్చు పరమైతే సంధి నిత్యం, పాదం మారినా తప్పదు. "లేద / టంచు" అని విరిస్తే రెండో పాదం టకారంతో మొదలై యతి పోతుంది. హల్లుతో మొదలయ్యే మాట వెతకాలి.

ఉప్పుమిరపకాయ: నిజమే. ఇలా మారిస్తే?

పలికి, గిన్నెల చేతనే పలుకఁ జేయు;

ఓరుగల్లు: మొదటిదాని కన్నా వెయ్యి రెట్లు నయం. "నలుకఁ దెల్పు" అన్నప్పుడు అలుక అని మీరు చెప్పారు, ఇప్పుడు గిన్నెలు చెబుతున్నాయి. "అనుచు" రెండుసార్లు పడటం కూడా తప్పింది.

కాకినాడ కాజా: మూడో పాదమే దీని ప్రాణం. తప్పేదో తెలియకుండా తప్పాయె అనడం! అలాంటి క్షమాపణ గొడవను ఆపదు. వెంటనే "ఏం తప్పు?" అన్న ప్రశ్న వస్తుంది, దానికి సమాధానం ఉండదు.

గోదారిగట్టు: దానికి జోడుగా ఇంకొకటి పట్టండి. ఈసారి శ్లేష లేదు.

తప్పు జరిగిన యెడల నన్ దాళు మనుచు
నెడల యను నొక్క మాటతో నెల్లఁ జెఱచె;
చేసినది యేదొ చెప్పఁడు చెలియ యడుగ;
క్షమను కోరిన భర్తకు శాంతి కరువు.

తేటగీతి తాత: ఇదీ పూరణ! తప్పు జరిగిందా లేదా అన్నదే తేల్చకుండా "జరిగిన యెడల" అన్నాడు. ఆఫీసు ఉత్తరాల్లో రాసుకునే మాటను పడకగదిలోకి తెచ్చాడు. తువ్వాలు పేరెత్తడు, మంచం పేరెత్తడు. "యెడలనన్" నగము, గణంలో ఇమిడింది, అర్థంలోనే ఇమడలేదు, కావలసిందీ అదే. "అనుచున్ + ఎడల" ద్రుతసంధి వల్ల ఆ మాట రెండోసారి "నెడల"గా వచ్చింది, అచ్చు యతికి భంగం లేదు.

మూడోపాదం: నాదొక తగవు సమస్య మీదే. క్షమ అంటే ఓర్పు. మనం మామూలుగా అనేది క్షమాపణ కదా. పాదంలో పొరపాటు లేదా?

నిర్వహణ: లేదండి. ఎదుటివారి ఓర్పును అడగడమే క్షమ కోరడం. క్షమాపణ "చెప్పడం" వాడుకలో స్థిరపడింది. ఇక్కడ "కోరిన" ఉంది కాబట్టి క్షమ సరైన మాటే. పైగా క్షమాపణ పెట్టి ఉంటే గోదారిగట్టు గారి ప్లాట్లు దక్కేవి కావు.

ఈ వారం ఎంపిక "యెడల" పద్యం. గిన్నెల పద్యం దాని వెన్నంటే ఉంది. సవరించాక తలుపు పద్యమూ తక్కువేం కాదు, అందులో సగం వాటా ఉప్పుమిరపకాయ గారిది. ఓరుగల్లు గారి సత్యభామను పోటీలోకి తీసుకోలేదు, అందరివీ దిద్దినవారే పోటీ పడితే బాగుండదని.

వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదం, ఐదూ సూర్యగణాలే:

ఉప్పు లేని పప్పు మెప్పు పొందె

ఉ–మె యతి లేదని ఉత్తరాలు రాయకండి. ఉప్పు–మెప్పు ప్రాసయతి.